దెబ్బకు ముందు, దెబ్బ తర్వాత: టామ్ అండ్ జెర్రీ నవ్వు ఎక్కడ పుడుతుంది?

1944లో వచ్చిన ‘మౌస్ ట్రబుల్’ అనే టామ్ అండ్ జెర్రీ కార్టూన్‌లో, ఎలుకల్ని పట్టడం ఎలాగో నేర్పే పుస్తకం ఒకటి టామ్ చేతికి వస్తుంది. అందులో చెప్పినట్టే జెర్రీ కన్నం ముందు స్ప్రింగు బోను పెట్టి, దాని మీద చీజ్ ముక్క ఉంచి, చాటున కూర్చుంటాడు. జెర్రీ వస్తాడు, చీజ్ తీసుకుంటాడు, తాపీగా లోపలికి వెళ్లిపోతాడు. బోను పడదు. టామ్‌కు ఏమీ అర్థం కాదు. దగ్గరికి వచ్చి బోను కేసి పరీక్షగా చూస్తాడు. ఎందుకు పడలేదో తేల్చుకోవాలని వేలు చాపుతాడు. తర్వాత ఏం జరుగుతుందో మూడేళ్ల పిల్లకైనా తెలుసు. తెలియనిది టామ్‌కు ఒక్కడికే.

చూసేవాళ్ల నవ్వు ఆ వేలు బోను వైపు కదులుతున్నప్పుడే మొదలవుతుంది. బోను టప్పున పడటం ఆ నవ్వును పూర్తి చేస్తుంది, అంతే. ఆ తర్వాత టామ్ మొహం చూసి మళ్లీ నవ్వుతారు. అంటే దెబ్బ తగిలిన ఆ ఒక్క క్షణాన్ని విడిగా తీసి చూస్తే అందులో నవ్వేమీ లేదు. ఉన్నదంతా దానికి ముందు, దాని తర్వాత. ఎనభై ఏళ్లు దాటినా ఈ చిన్న సినిమాలు పాతబడకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. కొట్టుకోవడం, కిందపడటం ఎవరైనా బొమ్మలు వేసి చూపించగలరు. ఆ ముందూ వెనకలను ఇంత శ్రద్ధగా కొలిచి పెట్టినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది.

మామూలుగా చెప్పే జవాబు వేరు. చిన్నప్పటి జ్ఞాపకం కాబట్టి ఇష్టం, అంటారు. పెద్దవాళ్ల విషయంలో అది కొంత నిజమే కావచ్చు. కానీ ఈరోజు మొదటిసారి చూస్తున్న ఐదేళ్ల పిల్లాడికి ఏ జ్ఞాపకం ఉంది? వాడూ సరిగ్గా అవే చోట్ల నవ్వుతున్నాడు. కాబట్టి కారణాన్ని సినిమా లోపలే వెతకాలి.

టామ్ అండ్ జెర్రీ పుట్టింది హాలీవుడ్‌లోని ఎంజీఎం స్టూడియో కార్టూన్ విభాగంలో. విలియం హానా, జోసెఫ్ బార్బెరా కలిసి తీసిన మొదటి పిల్లీ ఎలుకా కథ ‘పస్ గెట్స్ ద బూట్’ 1940 ఫిబ్రవరి 10న విడుదలైంది. అప్పటికి టామ్ పేరు టామ్ కాదు, జాస్పర్. ఎలుకకైతే తెర మీద పేరే లేదు. పిల్లి, ఎలుక అంటే అప్పటికే అరిగిపోయిన జత అని స్టూడియోలో చాలామంది అనుకున్నారు. నిర్మాత ఫ్రెడ్ క్వింబీకి కూడా ఆ జంటతో ఇంకో సినిమా తీయాలన్న ఆసక్తి పెద్దగా లేదు. టెక్సస్ నుంచి ఒక థియేటర్ల నిర్వాహకురాలు ఆ పిల్లీ ఎలుకా సినిమాలు మళ్లీ ఎప్పుడొస్తాయని ఉత్తరం రాయడం, ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లడంతో పరిస్థితి మారింది. స్టూడియోలో పేర్ల పోటీ పెడితే యానిమేటర్ జాన్ కార్ సూచించిన ‘టామ్ అండ్ జెర్రీ’ నెగ్గింది, ఆయనకు 50 డాలర్ల బహుమతి వచ్చింది. 1958 వరకు హానా, బార్బెరాల టామ్ అండ్ జెర్రీ చిత్రాలు 114 విడుదలయ్యాయి. 13 సార్లు నామినేషన్, 7 సార్లు ఆస్కార్.

ఆ మొదటి సినిమాలో గీత ఇంకా మెత్తగా, నడక ఇంకా నెమ్మదిగా ఉంటుంది. అయినా సూత్రం అప్పటికే దొరికేసింది. ఇంకొక్క వస్తువు పగిలిందంటే బయటికి గెంటేస్తానని ఇల్లు చూసుకునే ఆవిడ పిల్లిని బెదిరిస్తుంది. ఎలుక ఆ మాట విన్నది. బల్ల అంచుకు వెళ్లి ఒక గ్లాసు ఎత్తి పట్టుకుంటుంది. అంతే, అంత పెద్ద పిల్లి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. దెబ్బ తగలలేదు, ఏదీ పగల్లేదు. పగులుతుందేమోనన్న భయం ఒక్కటే సన్నివేశాన్ని మోస్తోంది. బలం లేనివాడి చేతికి ఒక గాజు గ్లాసు రాగానే ఇంటి అధికారం మొత్తం తలకిందులైపోయింది.

హానా, బార్బెరా పని పంచుకున్న తీరు చూస్తే ఈ లెక్క ఎలా కుదిరిందో తెలుస్తుంది. బార్బెరా న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ పత్రికలకు కార్టూన్లు అమ్మిన మనిషి. చెయ్యి చురుకు. కథ, గ్యాగులు (నవ్వించే చిన్న చిన్న సంఘటనలు), పాత్రల మొహాలు, నిలబడే తీరు ఆయన పని. మాటల స్క్రిప్టు అంటూ ఉండేది కాదు, వరసగా బొమ్మలే వేసుకుంటూ పోయేవాడు. హానాది టైమింగ్. ఏ కదలిక ఎన్ని ఫ్రేములు పట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది ఆయన తేల్చేవాడు. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాల చిత్రానికి పదివేలకు పైనే. యానిమేటర్ పెన్సిల్ పట్టుకునేసరికే వాటి లెక్క కాగితం మీద ఉండేది.

ఆ కాగితం మీద లెక్క పెట్టే పద్ధతి సంగీతం నుంచి వచ్చింది. దెబ్బకు దెబ్బకు మధ్య 12 ఫ్రేములు పెడితే నిమిషానికి 120 దెబ్బల లయ వస్తుంది, 8 పెడితే 180. టామ్ నక్కినక్కి నడుస్తున్నప్పుడు ఒక లయ, పరుగు అందుకున్నప్పుడు ఇంకో లయ. మధ్యలో హఠాత్తుగా ఆగినప్పుడు కూడా లయ ఆగదు, ప్రేక్షకుడి మనసులో నడుస్తూనే ఉంటుంది. కచేరీలో మృదంగం మీద తీర్మానం మూడోసారి వేస్తున్నప్పుడు సభలోని చేతులు సమం మీద పడటానికి ముందే లేచి ఉంటాయి. ఇక్కడ జరిగేదీ అదే. నవ్వు ఎక్కడ పడాలో ఒంటికి ముందే తెలిసిపోతుంది. సరిగ్గా అక్కడ పడితే తృప్తి. ఒక ఫ్రేము ముందు పడితే ఆశ్చర్యం. కొంచెం ఆలస్యమైతే ఆ ఖాళీలో ఇంకా గట్టి నవ్వు. ఈ మూడింటిలో ఎక్కడ ఏది వాడాలో తెలియడమే టైమింగ్ అంటే.

మళ్లీ ‘మౌస్ ట్రబుల్’కే వస్తే, ఆ పుస్తకంలో ఇంకో అధ్యాయం ఉంది. మూలకు నెట్టిన ఎలుక ఎన్నడూ తిరగబడదని అందులో రాసి ఉంటుంది. టామ్ ధైర్యంగా మూలనున్న జెర్రీ మీదికి వెళ్తాడు. తర్వాత జరిగిన యుద్ధాన్ని తెర మీద చూపించరు. మూల మనకు కనపడదు, శబ్దాలు వినిపిస్తాయి. కాసేపటికి చితికిపోయిన మొహంతో టామ్ మన ముందుకు వచ్చి, బావిలోంచి వచ్చినట్టున్న గొంతుతో, ఆ మాట నమ్మకండి అని చెబుతాడు. ఆ కొట్లాటను నిజంగా గీసి ఉంటే ఎంతోమంది గీసిన మామూలు కొట్లాటే అయ్యేది. దాన్ని వదిలేయడం వల్ల నమ్మకంగా వెళ్లిన మొహం, నమ్మకం పోయిన మొహం, ఈ రెండే మన దగ్గర మిగిలాయి. నవ్వడానికి కావలసిందీ ఈ రెండే.

అదే సినిమాలో టామ్ బహుమతి పెట్టెలో దాక్కుని జెర్రీ గడప దగ్గర కూర్చుంటాడు. జెర్రీ పెట్టె తట్టి చూస్తాడు, జవాబు లేదు. గుండుసూదులు గుచ్చుతాడు. ఆపై రంపం తెచ్చి పెట్టెను రెండుగా కోసేస్తాడు. కోశాక లోపలికి తొంగి చూస్తాడు. గుటక మింగుతాడు. మన వైపు తిరిగి, ఇక్కడెవరైనా డాక్టర్ ఉన్నారా అని రాసిన బోర్డు ఎత్తి చూపిస్తాడు. పెట్టెలో ఏముందో మనం చూడం, తర్వాతి షాట్‌లో టామ్ నడుముకు కట్టు కనిపిస్తుంది, కథ ముందుకు సాగిపోతుంది. ఇంత ఘోరమైన పని ఇంత హాయిగా నవ్వించడానికి కారణం జెర్రీ మొహం మీద ఆ గుటక. చేసినవాడికే అది ఎక్కువైందనిపించింది. ఆ కాస్త ఇంగితం లేకపోతే ఈ గ్యాగు ఒంటికి పట్టేది కాదు.

దెబ్బ తర్వాతి భాగంలో ఒంటి ఆకారానికి కూడా పెద్ద పాత్ర ఉంది. పెనం తగిలితే టామ్ మొహం పెనంలా చదునవుతుంది. గుండ్రటిదేదో మింగితే మెడలోంచి అది దిగుతున్నంతసేపూ కనిపిస్తూ ఉంటుంది. బొమ్మ రబ్బరులా సాగి, నొక్కుకుపోయి, మళ్లీ మామూలుగా అవడం అప్పటి యానిమేషన్ అంతటా ఉన్న పద్ధతే. కెన్నెత్ మ్యూజ్, ఇర్వెన్ స్పెన్స్, ఎడ్ బార్జ్, రే ప్యాటర్సన్ వంటి యానిమేటర్ల చేతిలో మాత్రం అది నటన అయింది. చదునైన మొహం మీద కూడా కళ్లు ఆలోచిస్తూనే ఉంటాయి. ఏం తగిలిందో ప్రేక్షకుడు చదువుకోవడానికి ఒక అర సెకను, టామ్‌కు తెలియడానికి ఇంకో అర సెకను, అప్పుడు కేక. ఆ కేక హానాదే. స్వయంగా అరిచి రికార్డు చేసి, మొదలూ చివరా కత్తిరించి, గట్టిగా వినిపించే నడిమి ముక్కను మాత్రం ఉంచాడు. అందుకే అది ఎత్తుకోదు, దిగదు, తలుపు తెరిచినట్టు వచ్చి మూసినట్టు పోతుంది.

సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ గురించి ఎంత చెప్పినా తక్కువే. టామ్, జెర్రీ మాట్లాడరు. అరుదుగా ఒకటి రెండు మాటలు తప్పితే మిగతాదంతా ఆయన వాద్యబృందమే మాట్లాడింది. ఎంజీఎం సంగీత చిత్రాల పాటలన్నీ స్టూడియో ఆస్తి కాబట్టి వాటిని ధారాళంగా వాడుకున్నాడు. అవి చాలక జాజ్, జానపదం, పాశ్చాత్య శాస్త్రీయం, ఏ ఒక్క స్వరానికీ ప్రాధాన్యం ఇవ్వని, అప్పటికి సంగీత విద్వాంసులే తల పట్టుకుంటున్న పన్నెండు స్వరాల పద్ధతి కూడా తెచ్చాడు. 1944 నాటి ‘పుటిన్ ఆన్ ద డాగ్’లో అలాంటి ముక్క ఒకటి ఉంది. కచేరీ హాల్లో ఆ సంగీతం వినిపిస్తే లేచి వెళ్లిపోయే జనం, సినిమా హాల్లో పిల్లి వెనక అదే వింటూ హాయిగా నవ్వారు. ఆ రచనలు వాయించడం ఎంత కష్టమో వాద్యకారులకే తెలుసు. నాలుగైదు సెకన్లకోసారి లయ మారిపోతుంది, శ్రుతి మారిపోతుంది. 2013లో లండన్ ప్రామ్స్ ఉత్సవంలో జాన్ విల్సన్ ఆర్కెస్ట్రా ఈ సంగీతాన్ని వేదిక మీద వాయించింది. తెర మీద బొమ్మ లేకపోయినా వింటుంటే పరుగు, నక్కడం, పడటం కళ్లకు కడతాయి.

బొమ్మ, సంగీతం ఒకదాన్నొకటి మించిన చోటు ‘ద క్యాట్ కాన్చెర్టో’. 1946 సంవత్సరానికి ఆస్కార్ తెచ్చిన చిత్రం. టామ్ కోటు తొడుక్కున్న గొప్ప పియానో విద్వాంసుడు. హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ స్వరపరిచిన రెండో హంగేరియన్ రాప్సొడీ వాయించడానికి వేదిక మీదికి వస్తాడు. పియానో లోపల తీగల మధ్య జెర్రీ నిద్రపోతున్నాడు. ఇక్కడ కట్టుబాటు రెట్టింపయింది. సంగీత రచన ముందే ఉంది, దాన్ని ఆపడానికి వీల్లేదు. సభ ఎదురుగా ఉంది, విద్వాంసుడు తన హుందాతనం వదలడానికీ వీల్లేదు. కాబట్టి కొట్టుకోవాలంటే సంగీతం లోపలే కొట్టుకోవాలి. టామ్ ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో జెర్రీని చిటికెన వేలితో విదిలించినట్టు విదిలిస్తాడు, కళ్లు మాత్రం అరమోడ్చి రసానుభూతిలోనే ఉంటాయి. జెర్రీ పియానో మెట్ల మధ్య ఎలుకల బోను పెడతాడు, స్వరం పడాల్సిన చోటే వేలు పడుతుంది. ఒక దశలో జెర్రీ పియానో లోపల తీగల్ని కొట్టే సుత్తుల మీద ఎగురుతూ శాస్త్రీయ రచన మధ్యలో అప్పటి హుషారు పాట ఒకటి వాయించేస్తే, టామ్ చేతులు కింద గందరగోళపడి మళ్లీ లిస్ట్‌లోకి వస్తాయి. చివరికి జెర్రీ సుత్తులు విరిచి పట్టుకుని తీగల మీద తానే ముగింపు వాయిస్తుంటే, దాన్ని అందుకోలేక టామ్ కుప్పకూలిపోతాడు. చప్పట్లు మోగుతాయి, లైటు జెర్రీ మీద పడుతుంది.

ఈ ఏడు నిమిషాల్లో పెద్ద దెబ్బ అంటూ దాదాపు లేదు. అయినా ఆ రోజుల కార్టూన్లలో ఇంత నవ్వించేది ఇంకోటి చెప్పడం కష్టం. నొప్పి కన్నా మర్యాద కాపాడుకోవడానికి పడే అవస్థే ఎక్కువ నవ్విస్తుందని దీన్ని చూస్తే తెలుస్తుంది. తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్త విషయమేమీ కాదు. బ్రహ్మానందం చెంపదెబ్బ తిన్న దృశ్యాల్లో హాలు ఊగిపోయేది చప్పుడుకు కాదు. దెబ్బ తిన్నాక పక్కవాళ్లు చూశారా లేదా అని ఆయన కళ్లు తిప్పే తీరుకు.

ఇక టామ్, జెర్రీల సంబంధం. అది పైకి కనిపించే శత్రుత్వం కాదని చూసేవాళ్లందరికీ లోపల తెలుసు. 1944 నాటి ‘ద మిలియన్ డాలర్ క్యాట్’ ఈ సంగతిని సూటిగా తేల్చేసింది. టామ్‌కు పది లక్షల డాలర్ల ఆస్తి వస్తుంది. షరతు ఒక్కటే: ఏ ప్రాణికీ హాని చేయకూడదు, ఎలుకకు కూడా. జెర్రీ ఆ షరతు చదివి, దాన్ని అడ్డం పెట్టుకుని టామ్‌ను ఇల్లంతా, మంచం మీదా, బల్ల దగ్గరా కాల్చుకు తింటాడు. టామ్ సహించి, సహించి, చివరికి జెర్రీ మీద పడతాడు. పది లక్షలు పారేసుకుంటున్నా, అయినా సంతోషంగా ఉన్నా అని గొంతెత్తి చెప్పి మరీ కొడతాడు. ఈ సిరీస్‌లో టామ్ నోరు విప్పిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి, ఆ మాటకు అంత విలువుంది. పరుగు లేని సుఖం వాడికి అక్కర్లేదు. జెర్రీ అతి చేసినప్పుడు టామ్ నెగ్గుతాడన్న ధర్మం కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఎలుక ఎప్పుడూ గెలుస్తుందనుకుంటారు గానీ, కారణం లేకుండా గిల్లినవాడికి చివర్లో తగిన శాస్తి జరగడం ఈ చిత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పిల్లలు న్యాయం విషయంలో చాలా పట్టింపుగా ఉంటారు. ఈ లెక్క తప్పి ఉంటే వాళ్లు ఎప్పుడో వదిలేసేవాళ్లు.

వార్నర్ బ్రదర్స్‌లో దర్శకుడు చక్ జోన్స్ 1949లో మొదలుపెట్టిన రోడ్ రన్నర్ (పరుగెత్తే పక్షి), కయోటీ (దాన్ని వెంటాడే తోడేలు లాంటి జంతువు) చిత్రాలు కూడా ఇదే మర్మం మీద నడిచాయి, కానీ ఇంకా పొదుపుగా. అక్కడ వెంటాడేవాడికి శత్రువు పక్షి కాదు, తన ఆశే. కొండ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయినా కయోటీ పడిపోడు, కిందికి చూశాకే పడతాడు. చూసి, మన వైపు తిరిగి, ఒక్క చూపు. తర్వాత పైనుంచి కనిపించే ఆ పతనం, చిన్నదవుతూ చిన్నదవుతూ మాయమయ్యే చుక్క, కొంచెం ఖాళీ, చివర్లో అడుగున లేచే దుమ్ము. ఆ చుక్క మాయమవడానికీ దుమ్ము లేవడానికీ మధ్య ఎన్ని ఫ్రేములుండాలో జోన్స్ చాలా పట్టుదలగా లెక్క కట్టేవాడు. ఒకటి రెండు అటూ ఇటూ అయితే నవ్వు పోతుందని ఆయన నమ్మకం. నేలకు తగిలిన దృశ్యాన్ని అక్కడ దగ్గరగా చూపించనే చూపించరు.

తర్వాత వచ్చిన టామ్ అండ్ జెర్రీలు ఎందుకు వెలవెలబోయాయో కూడా ఇదే కొలతతో అర్థమవుతుంది. ఎంజీఎం 1957లో కార్టూన్ విభాగాన్ని మూసేసింది. పాత చిత్రాలను మళ్లీ విడుదల చేస్తే కొత్తవాటికి దాదాపు సమానంగా డబ్బు వస్తుంటే, కొత్తవి తీయడం దండగ అనుకుంది. 1961, 62లో జీన్ డైచ్ ప్రాగ్‌లో తక్కువ ఖర్చుతో 13 చిత్రాలు తీశాడు. కదలికలు గతుకులుగా ఉంటాయి, శబ్దాలు గుహలోంచి వచ్చినట్టుంటాయి. కొన్నింటిలో టామ్ యజమాని, ఎర్రబడిన మొహంతో వాడిని బాదేస్తాడు. ఆ బాదుడులో కోపం నిజంగా ఉంటుంది, ముందూ వెనకా ఉండదు. అందుకే చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది తప్ప నవ్వు రాదు. తర్వాత 1963 నుంచి 67 వరకు చక్ జోన్స్ తీసిన 34 చిత్రాల్లో గీత ఎంతో అందం. కానీ అందమైన భంగిమ దగ్గర ఆగిపోయే అలవాటు వల్ల పరుగు మందగించింది.

1975లో టీవీ కోసం తీసిన సిరీస్ రెండో కొసకు వెళ్లింది. పిల్లల టీవీలో హింస ఉండకూడదన్న నిబంధనల వల్ల టామ్, జెర్రీ స్నేహితులైపోయారు. జెర్రీ మెడకు ఎర్ర బో కట్టారు. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగారు. నవ్వు దెబ్బలో లేదు కదా, దెబ్బ తీసేస్తే ఏం పోయింది అనిపించవచ్చు. పోయింది, పూర్తిగా పోయింది. దెబ్బ పడొచ్చు అన్న అవకాశమే లేకపోతే ఎదురుచూపు ఎక్కడిది? వెన్నకుండను ఉట్టి మీంచి దించి చేతికందేలా పెడితే దొంగతనానికి అర్థం లేదు. 1992 నాటి పెద్ద సినిమాలో ఇద్దరి చేతా ధారాళంగా మాట్లాడించారు, పాడించారు. మొహం చెప్పాల్సింది నోరు చెప్పడం మొదలెట్టగానే ఆ ఇద్దరూ మామూలు బొమ్మలైపోయారు.

ఈ కళను మెచ్చుకుంటూనే దాని మచ్చను కూడా చెప్పాలి. చాలా చిత్రాల్లో కాళ్లూ చీపురూ మాత్రమే కనిపించే నల్లజాతి పనిమనిషి, అప్పటి అమెరికాలో నల్లవారిని చూసిన చిన్నచూపు నుంచి పుట్టిన పాత్ర. ఆమెకు గొంతు ఇచ్చిన లిలియన్ రాండాల్ఫ్ గొప్ప నటి, పాత్ర మాత్రం మూస. ఎన్‌ఏఏసీపీ వంటి పౌరహక్కుల సంస్థ అభ్యంతరం చెప్పింది. 1952 తర్వాత ఆ పాత్ర కనిపించలేదు. పేలుడు తర్వాత మొహం నల్లబడి, జడలు లేచి, నల్లవారిని వెక్కిరించే గ్యాగులు కూడా ఈ సిరీస్‌లో ఉన్నాయి. తర్వాతి కాలంలో టీవీకి వాటిని కత్తిరించారు, గొంతులు మార్చారు. కత్తిరించిన గ్యాగుల్లో ఒక్కటీ నిజంగా మంచి గ్యాగు కాదన్నది గమనించాలి. అక్కడ టైమింగ్ లేదు, మొహం లేదు, ఎవరినో ఎగతాళి చేస్తే చాలన్న సోమరితనం ఉంది. మనిషిని చూసి నవ్వించడం తేలిక, మనిషి అవస్థను చూసి నవ్వించడం కష్టం. ఆ స్టూడియోకే రెండోది అద్భుతంగా చేతనయి ఉండి, మొదటిదానికి దిగడం బాధ కలిగిస్తుంది.

ఈ చిత్రాలు తెలుగు ఇళ్లకు చేరిన దారి వ్యాపారపు దారే. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎం పాత సినిమాల గ్రంథాలయాన్ని కొన్నాడు. చేతిలో ఇన్ని కార్టూన్లుంటే వాటికో ఛానల్ ఉండాలిగా. 1992లో అమెరికాలో, 1995 మే 1న మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ మొదలైంది. ఊరూరా కేబుల్ తీగలు పరుచుకుంటున్న కాలం అది. ఆ ఛానల్లో మిగతా కార్యక్రమాలు చాలావరకు అర్థం కావాలంటే ఇంగ్లిష్ రావాల్సి ఉండేది, టామ్ అండ్ జెర్రీకి ఏ భాషా అక్కర్లేదు. బడికెళ్లిన మనవడు, బడి మొహం చూడని నాయనమ్మ ఒకే మంచం మీద కూర్చుని ఒకే చోట నవ్వగలిగిన విదేశీ కార్యక్రమం అప్పట్లో ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. పోట్లాడుకునే అన్నాచెల్లెళ్లను “వీళ్లిద్దరూ టామ్ అండ్ జెర్రీ” అనడం తెలుగు ఇళ్లలో మామూలు మాట అయిపోయింది. ఆ మాటలో కోపం ఉండదు, విడదీయలేమన్న మురిపెం ఉంటుంది. టామ్ ముక్కలకు మన సినిమా కామెడీ డైలాగులు అతికించిన వీడియోలు ఇప్పుడు ఇన్ని తిరుగుతున్నాయంటే కారణమూ అదే. టామ్ మొహం ఎంత స్పష్టంగా ఆలోచిస్తుందంటే ఏ భాషలో ఏ మాట పెట్టినా సరిపోతుంది.

అలాంటి పని మళ్లీ ఎందుకు జరగలేదన్నదానికి ప్రతిభ తగ్గిపోయిందన్నది జవాబు కాదు. హానా, బార్బెరాలే స్టూడియో మూతపడ్డాక టీవీకి మళ్లారు. అక్కడి బడ్జెట్‌తో ఒళ్లంతా కదిలించడం అసాధ్యం. తల ఆడాలి, నోరు ఆడాలి, మిగతాది స్థిరం. నెలల తరబడి ఏడు నిమిషాలు చెక్కిన చేతులే వారం వారం గంటల లెక్కన తీయాల్సి వచ్చింది. కాబట్టి మాట మీద ఆధారపడ్డారు. సినిమా హాల్లో అసలు సినిమాకు ముందు కార్టూన్ వేసే అలవాటుకు డబ్బులిచ్చే పద్ధతి పోయాక, ఆ పనితనానికి జీతమిచ్చేవాడు లేడు.

ఇప్పుడు ఫోన్లలో ఈ చిత్రాలు ముక్కలు ముక్కలుగా తిరుగుతున్నాయి. పదిహేను సెకన్లకు సరిపోయేలా దెబ్బను మాత్రం కోసి పెడుతున్నారు. సరిగ్గా తీసేయకూడనిదాన్ని తీసేసి, మిగిలినదాన్ని చూపిస్తున్నారన్నమాట. ఇంట్లో పిల్లలకు చూపించేవాళ్లు పేరు పడే కార్డు నుంచి చివరి దాకా మొత్తం ఒక చిత్రం చూపిస్తే మేలు. ఎంచుకోవాల్సి వస్తే 1940లవి ఎంచుకోవాలి. బౌలింగ్ హాలులో జారుడు నేలే మూడో పాత్రగా మారిన ‘ద బౌలింగ్ ఆలీ క్యాట్’ 1942ది. తేనెటీగలు వెంటపడితే టామ్ చెరువులో మునిగి రెల్లుగొట్టంతో ఊపిరి పీలుస్తుంటే, జెర్రీ ఆ గొట్టం కొసకు గరాటు తగిలించే ‘టీ ఫర్ టూ’ 1945ది. గరాటు తగిలించిన దగ్గర ఒక్కసారి ఆపి, పిల్లల మొహాలు చూడండి. తేనెటీగ ఒక్కటీ ఇంకా లోపలికి వెళ్లి ఉండదు, వాళ్లు అప్పటికే నవ్వుతూ ఉంటారు.